పుట్టినరోజు ఫొటో

"అందరూ ఇటు చూడండి!" శశికళ ఫోన్ పైకెత్తింది.

దియ పుట్టినరోజు. అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో వాళ్ళ అపార్ట్‌మెంట్ జనమంతా హాల్లోనే ఉన్నారు.

దియ తన కాగితం కిరీటం తీసి, కింద ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే ఆంటన్ నెత్తిన పెట్టింది. ముసలాయన పడీపడీ నవ్వాడు.

ఫోన్ క్లిక్‌మనగానే ఆ నవ్వు పోయింది.

"నో ఫొటో! ప్లీజ్, తీసెయ్యండి."

కిరీటం దియకి ఇచ్చేసి, ఎంగిలి పడకుండా మెట్లు దిగిపోయాడు.

పదిమందిలో శశికళకి తల కొట్టేసినట్టయింది.

"ఎంత పొగరో చూశారా! ఏ దేశం నుంచో పారిపోయి వచ్చాడట. అక్కడేం వెలగబెట్టాడో!"

"అమ్మా, అంకుల్ నైస్ కదా?" అంది దియ.

శశికళకి ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ ఫొటోనే ఫేస్‌బుక్‌లో పెట్టేసింది, బిల్డింగ్ పేరుతో సహా.

"వద్దన్నాడుగా శశీ!" అన్నాడు భర్త నరసింహ.

"ఆయనేమన్నా సినిమా హీరోనా? ఎవరు చూస్తారు?"

చూశారు.

ఆదివారం శశికళ కార్‌లోంచి సామాన్లు దించుతుంటే వ్యాన్ ఒకటి వచ్చి ఆగింది. తుపాకులతో ఇద్దరు దిగారు. ఒకడు ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాడు. తను తీసిన ఫొటోయే!

"ఏ ఫ్లాట్?"

ఆంటన్ తలుపు వైపు చెయ్యి చూపించింది.

తలుపు బాదారు. తెరుచుకోలేదు. రెండోవాడు మెట్ల దగ్గర ఆడుకుంటున్న దియని జుట్టు పట్టి లాగి, కణతకి తుపాకీ ఆనించాడు.

"ఆంటన్!" అని అరిచాడు.

"నీకు దండం పెడతా, నా బిడ్డని వదిలెయ్!" శశికళ నేల మీద పడిపోయింది.

ఆ ఫ్లాట్‌కి వెనక తలుపుందని ఆమెకి తెలుసు. ముసలాయన ఈపాటికి పారిపోయే ఉంటాడనుకుంది.

ముందు తలుపే తెరుచుకుంది. ఆంటన్ చేతులెత్తి బయటికొచ్చాడు.

"పాపని వదలండి. మీకు కావాల్సింది నేను."

దియని అవతలికి నెట్టారు. ఆయన మోకాలి మీద కాల్చారు. కూలిపోయాక ఛాతీ మీద కాల్చారు. బూటుకాలితో మొహం తొక్కి మరీ వెళ్ళారు.

శశికళ తన చున్నీతో ఆ గాయాన్ని అదిమి పట్టింది. నెత్తురు ఆగలేదు.

"పాప..?"

"బాగుందండీ, బాగుంది! క్షమించండి, నేనే..."

వినడానికి ఆయన లేడు.

సాయంత్రం ఏ చానల్ పెట్టినా ఆ ఫొటోయే: కాగితం కిరీటంతో నవ్వుతున్నది, ఫాసిస్టు నియంతని ఎన్నికల్లో ఓడించి, గద్దెనెక్కకుండానే దేశం వదలాల్సి వచ్చిన అధ్యక్షుడు.