కంటి మీద కుంకుమ

ఇంటింటికీ కెమెరా తప్పనిసరి అయిన ఏడాది బొబ్బిలిలో పైడమ్మ గుమ్మం మీదా ఒకటి బిగించారు. మెకానిక్ అప్పలకొండ టీ తాగుతుండగా, కొత్త వస్తువు కదా అని పైడమ్మ దానికి నిండుగా కుంకుమ బొట్టు పెట్టింది. అతను చూసుకోలేదు. వాన చుక్క దూరని గాజు మూత బిగించి, చుట్టూ జిగురు పూసి సీలు వేసి వెళ్ళిపోయాడు. బొట్టు మెల్లగా జారి కెమెరా కంటి మీద పరుచుకుంది.

ఆనాటి నుంచి ఎవరొచ్చినా దానికి నెత్తురే కనబడేది, వెంటనే అదే కబురు పెట్టేసేది. పాలవాడి కోసం పోలీసులొచ్చారు. పేరంటానికొచ్చిన ముగ్గురినీ అంబులెన్సు ఎక్కించారు. ఆపైన గడప తొక్కేవాళ్ళే లేకపోయారు.

అప్పలకొండ కూడా వీధి అవతలే నిలబడి మాట్లాడాడు.

"ఓపాలి మూతిప్పు బాబూ. కొంగుతో తుడిచేస్తాను."

"పదేళ్ళ సీలు పిన్నీ. ఇప్పితే కేసవుద్ది."

"మరేటి సెయ్యాలి?"

అతను పనిముట్ల సంచి భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం జోరుగా వాన పట్టింది. పైడమ్మ చూరు కింద తడుస్తూ ఆశగా పైకి చూసింది. నీళ్ళు గాజు మీంచి ధారగా జారిపోయాయి. లోపలికి ఒక్క చుక్క పోలేదు.

"అమ్మా, మీకు దెబ్బ తగిలింది," అంది కెమెరా. "కదలకండి, మనుషులు వస్తున్నారు."

పైడమ్మ లోపలికెళ్ళి పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టింది. ఇప్పుడు ఆ ఇంటికొచ్చే మనుషులు వాళ్ళే.