చేతులూపుకుంటూ వచ్చిన మనిషి

"జెస్సీ గారి ఇల్లు ఇదేనామ్మా?"

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా కూర తరుగుతున్న జెస్సీ తలెత్తింది. గుమ్మం బయట ఎవరో మనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో. గడ్డం మాసి, చొక్కా నలిగి, రైలు దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు.

"ఆయ్, నేనేనండి. ఎవరండీ తమరు?"

"అభిలాషన్న కాడ్నించి ఒచ్చినానమ్మా."

కత్తిపీట మీంచి ఒక్క ఉదుటున లేచింది జెస్సీ.

ఏడు నెలలు! మొగుడి కబురు కోసం ఏడు నెలలుగా చూసి చూసి ఆవిడ కళ్ళు కాయలు కాచిపోయాయి. కువైట్‌లో డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ అభిలాష్ రోజూ ఫోన్ చేసేవాడు. ఎవడో ఏజెంటు అమెరికా అని ఊరించి మెక్సికో దాకా తీసుకుపోయాడు. "రేపు సరిహద్దు దాటేస్తాం. అవతల అరిజోనా అంట. పిల్ల జాగ్రత్త." అదే ఆఖరి ఫోను. బతికున్నాడో లేదో, ఆ ఒక్క ముక్క చెప్పే నాథుడు లేడు. అక్కడ ప్రభుత్వం మారిందనీ, దొరికినవాళ్ళకి సంకెళ్ళు వేసి విమానం ఎక్కిస్తున్నారనీ టీవీలో చూపిస్తుంటే, దిగేవాళ్ళ మొహాలన్నీ వెతుక్కునేది. పార్టీ నాయకుడికి అర్జీ పెడితే ఎలక్షన్లయ్యాక చూద్దామన్నాడు.

"ఎలా ఉన్నారండీ? ఎక్కడున్నారు?"

అతను వీధివైపు చూశాడు. అప్పటికే నలుగురు పోగయ్యారు.

"లోపల కూకుని మాటాడాలమ్మా."

"ఏం పంపేరండీ?"

"ఏటీ నేదమ్మా."

జెస్సీ మొహం వాడిపోయింది.

కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళ పద్ధతి తెలియని మాట అది. గల్ఫ్ నుంచి ఎవరు దిగినా, తన పెట్టె విప్పకముందే తోటివాళ్ళ ఇళ్ళకి సామాను అందజేసి రావాలి. సబ్బుల కట్టో, పాలపొడి డబ్బానో, ఖర్జూరం పొట్లమో, ఏదో ఒకటి. వట్టి చేతులతో వచ్చాడంటే మనవాడి దగ్గర్నుంచి రాలేదన్నమాటే. పోయినేడు ఇలాగే ఒకడొచ్చి, కొడుకుని జైల్లోంచి విడిపిస్తానని పక్కవీధి సూరమ్మ చెవికమ్మలు పట్టుకుపోయాడు.

అభిలాష్ అన్నగారు పాపారావు ముందుకొచ్చాడు. వార్డు మెంబరు, మెడలో పార్టీ కండువా.

"పాస్‌పోర్టు చూపించవయ్యా."

"లాగేసుకున్నారండి."

"ఫోనో?"

"అదీ లాగేసుకున్నారండి."

"ఆహా, బాగానే అల్లేవు!"

అందరూ నవ్వారు. అతను జెస్సీ వైపు తిరిగాడు.

"అమ్మా, ఒక్కమాట సెప్పి ఎల్లిపోతాను. నీకొక్కదానికే సెప్పాల."

ఆ మాటతో జెస్సీకి ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది ముందు ఎంత మాట!

"మగదిక్కు లేని కొంపని కనిపెట్టి వచ్చేవా? సిగ్గులేదటయ్యా నీకు? ఆయన కోసం కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నదాన్ని, నేనే దొరికేనా నీ నాటకాలకి? పో!"

అతను ఆమెకి దణ్ణం పెట్టాడు. తర్వాత బస్టాండు వైపు నడిచాడు. పాపారావు వెనకాలే వెళ్ళి వీడియో తీశాడు. 'మోసగాడు, జాగ్రత్త' అని రాసి, కింద తన నెంబరిచ్చి, వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాడు.

పది రోజుల తర్వాత పాపారావు పొద్దున్నే వచ్చి, స్పీకరు ఆన్ చేసి జెస్సీ చేతికి ఫోనిచ్చాడు.

"అమెరికా నుంచంటమ్మా. నీతోనే మాట్లాడతారంట."

"నా పేరు యామిని అండీ. ఇక్కడ అరిజోనాలో మనవాళ్ళ కేసులొస్తే, వాళ్ళ మాటలు జడ్జిగారికి ఇంగ్లీషులో చెబుతుంటాను. మీ వాళ్ళు పెట్టిన వీడియోలో నెంబరు చూసి చేశాను. ఆ అబ్బాయి మళ్ళీ మీ ఇంటికేమైనా వచ్చేడాండీ?"

"వాడింకా ఎందుకొస్తాడండీ?"

"ఆ వీడియో శ్రీకాకుళంలో వాళ్ళ ఊరు దాకా పోయిందంట. ఊరంతా దొంగ దొంగ అంటుంటే తట్టుకోలేక ఇల్లు వదిలి వెళ్ళిపోయేడంట. వారమైంది. వాళ్ళమ్మగారు నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఇక్కడ్నుంచి తిప్పి పంపేసినప్పుడు సొంతింటికి కూడా పోకుండా ముందు మీ దగ్గరికే వచ్చేడు కదా, అందుకని అడుగుతున్నాను. అభిలాష్ గారి సంగతి మీకు చెప్పేడు కదండీ?"

"ఏం సంగతండీ?"

"అయ్యో, మీకింకా తెలీదా అండీ? కబురు తనే చెబుతానని మమ్మల్నెవర్నీ చెప్పనివ్వలేదే!"

"చెప్పండమ్మా, మీకు పుణ్యముంటుంది!"

"ఎడారిలో కాలు విరిగి పడిపోయేరండీ ఆయన. మిగతావాళ్ళంతా వదిలేసి వెళ్ళిపోయేరు. ఆ అబ్బాయొక్కడే ఉండిపోయి, రెండు రోజులు వీపున మోసేడు. ఎదురుగా రోడ్డు మీద లైట్లు కనపడుతున్నాయంట. ఇంకో గంట నడిస్తే తను దొరక్కుండా బయటపడేవాడే. మీవారి ప్రాణం పోయేక ఆయన్ని నక్కలకి వదిలెయ్యలేక, ఎండుకంప పోగేసి మంటపెట్టి, పోలీసుల్ని తనే రప్పించుకున్నాడండీ."

"ప్రభువా!" అంటూ జెస్సీ గుమ్మంలోనే కూలబడిపోయింది. పాపారావు తలకాయ పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఏడ్చి ఏడ్చి, ఎక్కిళ్ళ మధ్యే జెస్సీ మళ్ళీ ఫోను అందుకుంది.

"పోయేముందు... ఏమైనా అన్నారాండీ? నన్నేమైనా తలుచుకున్నారా?"

"జడ్జిగారూ అదే అడిగేరండీ," అంది యామిని. "'అన్న నన్ను నమ్మి సెప్పిన ఆకరి మాటండి, ఆ అమ్మకి తప్ప ఇంకెవరికీ సెప్పను' అన్నాడు, మాకెవరికీ చెప్పనేలేదు."