కూర్చోకు జమీందారూ!

“అక్కడ కూడా టేపు వేసేస్తే నాకు గాలెలా వస్తుంది?” అంది ఆమె, చెక్క బీరువాలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని.

“గాలి వచ్చే సందులోంచే వాసన పోతుంది. వాసన పోయిందా, వాడు పట్టేస్తాడు. వాడి ముక్కు సంగతి నీకు తెలీదు.”

“నాకెందుకు తెలీదు? ఇంకా పెళ్లి కాకముందే సవతిలా దాపురించాడుగా!”

వాడు అంటే కుక్క. సరిహద్దు గేటు దగ్గర సరుకు లారీలను కుక్కతో వాసన చూపించడం టేపు వేస్తున్నతని ఉద్యోగం. అక్కడ అందరూ అతన్ని కుక్కల మేష్టారంటారు. నడకలో దర్జా చూసి కుక్కకు జమీందారు అని పేరు పెట్టారు. సామాన్లలో మనిషి దాక్కుంటే జమీందారు మొరగడు, గోకడు, హుందాగా అక్కడ కూర్చుంటాడు. కూర్చున్నాడంటే ఆ లారీ పని అయిపోయినట్టే. పెంచినవాడు బతిమాలినా లేవడు. అలా పెంచింది మేష్టారే మరి.

అవతలి దేశంలో కుక్కలకు శిక్షణ ఇచ్చేచోట అతనికి ఉద్యోగం దొరికింది. ఆమె బట్టలు కుడుతుంది. ఆమెకు మాత్రం వీసా కుదరదన్నారు, ఒకసారి కాదు, రెండుసార్లు. ఇక మిగిలింది ఈ బీరువా ఒక్కటే. పాత సామాన్ల లారీ, తెలిసిన డ్రైవరు. వారం తిరక్కుండా అతనూ వెళ్లిపోతాడు. పెళ్లీ కాపురమూ అక్కడే.

“అడుగున చిన్న సందు వదిలాను. అరగంట ఓర్చుకో. గేటు దాటగానే డ్రైవరు తలుపు తీస్తాడు.”

“అరగంటేనా?”

“అరగంటే. ఫోను ఆపెయ్. అది మోగిందంటే ఇద్దరం జైల్లో కాపురం పెట్టాలి.”

“ఎక్కడైతేనేం, కాపురమేగా!” అని నవ్వింది.

అతను తలుపు మూశాడు. అంచుల వెంట టేపు వేశాడు. మనసు ఒప్పక, దాని మీద ఇంకో వరస వేశాడు. చివరికి అడుగున వదిలిన సందు వైపు చూశాడు. జమీందారు మొదట మూతి పెట్టేది అక్కడే. సగం సందు మూసేశాడు.

అతను డ్యూటీకి గేటు దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్లు మొరాయించి ఉన్నాయి. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎండ నెత్తి మీదికొచ్చింది. వరసలో చివరన ఆమె ఉన్న నీలం లారీ కనిపిస్తూనే ఉంది గానీ, అటు అడుగు వేసే వీల్లేదు. కొత్తగా వచ్చిన ఆఫీసరు అతని పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. అరగంట ఎప్పుడో దాటిపోయింది. అతని చొక్కా తడిసి ముద్దయింది.

నీళ్ల కోసం వచ్చినట్టు డ్రైవరు అతని పక్కకు చేరాడు.

“అన్నా, రేకుల మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. బండి వెనక్కి తిప్పి ఒక్కసారి తలుపు తియ్యనా?”

“తీశావంటే లారీ అంతా వాసనే. కొంపలంటుకుంటాయి.”

“పిలిస్తే పలకట్లేదన్నా.”

“పలకొద్దని నేనే చెప్పాను. నా మాటంటే మాటే దానికి. ఇంకాసేపు ఓర్చుకుంటుందిలే, నాకంటే మొండిది.”

డ్రైవరు అతని మొహంలోకి ఒకసారి చూసి, లారీ వైపు వెళ్లిపోయాడు. మేష్టారికీ భయంగానే ఉంది. కానీ ఇన్నాళ్ల కల ఇంకొక్క గేటు దూరంలో ఉండగా వెనక్కి తిప్పమనడానికి నోరు రాలేదు.

ఎట్టకేలకు వరస కదిలింది. నీలం లారీ గేటు ముందుకొచ్చింది.

“ఎక్కించండి జమీందారుగారిని,” అన్నాడు ఆఫీసరు లేచి వచ్చి.

కుక్క ఒక్క గెంతులో లారీ ఎక్కింది. వెనకాలే తాడు పట్టుకుని అతను. పరుపుల మూటలు దాటింది, కుర్చీలు దాటింది. బీరువా దగ్గర ఆగింది. అడుగున మూతి పెట్టి, అంచు వెంట టేపును వాసన చూసుకుంటూ పైదాకా వెళ్లి, మళ్లీ కిందికి వచ్చింది. అతను లోలోపలే బతిమాలుకున్నాడు.

‘కూర్చోకు నాయనా. నీకు పుణ్యముంటుంది, ఈ ఒక్కసారికి కూర్చోకు.’

జమీందారు తల తిప్పి అతని వైపు చూశాడు. తోక ఊపలేదు. కూర్చోనూ లేదు. ముందుకాళ్లు చాపి, వాటి మీద గడ్డం ఆనించి, బీరువా ముందు మెల్లగా పడుకున్నాడు.

ఆఫీసరు పగలబడి నవ్వాడు.

“ఏంటయ్యా మేష్టారూ, ఈ ఎండకి నీ జమీందారుకి కునుకు పట్టినట్టుందే! కూర్చోలేదుగా, చాలు. దిగండి, బండి పోనివ్వండి.”

గేటు కర్ర పైకి లేచింది. డ్రైవరు గబగబా ఇంజను స్టార్టు చేశాడు. మేష్టారు మాత్రం కదల్లేదు. చేతిలోంచి తాడు జారిపోయింది. మోకాళ్ల మీద కూలబడి, గోళ్లతో టేపు పీకడం మొదలుపెట్టాడు.

“ఏయ్, ఏం చేస్తున్నావ్? వాడు కూర్చోలేదయ్యా!” అని అరిచాడు ఆఫీసరు.

ఈ గేటుకు రాకముందు జమీందారు భూకంపంలో కూలిన ఇళ్ల దగ్గర పనిచేశాడన్నది ఆ కొత్త ఆఫీసరుకు తెలియదు. శిథిలాల కింద మనిషి బతికుంటే కూర్చోమనీ, చచ్చిపోయి ఉంటే పడుకోమనీ వాడికి నేర్పింది మేష్టారే.