చివరి వరుసలో కుర్చీ

బీజగణిత పరిశోధన సెమిస్టర్‌కి మర్నాడే ఆఖరి ఉపన్యాసం. ఆ రాత్రి ప్రొఫెసర్ గారు ఖాళీ హాల్లో ఒక్కరే రిహార్సల్ వేసుకుంటున్నారు. మనిషి లేవగానే వాటంతటవే మడుచుకునే కుర్చీలవి. అన్నీ మడుచుకునే ఉన్నాయి, చివరి వరుసలో ఒక్కటి తప్ప. స్ప్రింగు పోయిందేమో అనుకున్నారాయన.

సెమిస్టర్ మొదట్లో ఒక విద్యార్థిని ఆ వరుసలోంచే లేచింది.

"సార్, ఆ నిరూపణలో నాలుగో మెట్టు ఎలా వచ్చింది?"

"బడిపిల్లల్ని అడిగినా చెప్తారు, కూర్చోవమ్మా!"

హాలంతా గొల్లుమంది. ఆ పిల్ల మళ్లీ రాలేదు. నెల తిరక్కుండా చనిపోయిందని కబురొచ్చింది. ఎలా పోయిందో అడగడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. ఆ మెట్టు నిజంగానే తప్పని మొన్ననే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు బోర్డు మీద అదే మెట్టు రాసి, "ఇది తెలిసిందే కదా" అన్నారు.

వెనక టప్పుమని చప్పుడైంది. చూస్తే చివరి కుర్చీ మడుచుకుని ఉంది, ఎవరో అడగడానికి లేచినట్టు.

చేతిలో సుద్దముక్క చెమటకి తడిసిపోయింది.

"రేపు అందరి ముందూ తప్పు ఒప్పుకుంటానమ్మా," అన్నారు. "ఇప్పటికి కూర్చో."

తర్వాత కిర్రుమంటూ ఒక కుర్చీ మెల్లగా కిందికి వాలింది. ఈసారి మొదటి వరుసలో, సరిగ్గా ఆయనకు ఎదురుగా.