దిబ్బుక్‌తో సొంతవాక్యాలు

పెద్దాయన పళ్ళు కొట్టేశాక అతనికి కాస్త ధైర్యం వచ్చింది.

పెద్దాయన పోయి ఏడాది. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం ఆయన మొదలుపెట్టిన నిఘంటువు ఆఫీసుని ఇప్పుడు కూతురు నడుపుతోంది. అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడకీ అరవై దాటాయి. తండ్రి గదిలోనే కూర్చుంటుంది. ఆయన కళ్ళజోడు, టోపీ, చేతికర్ర కిటికీ పక్క అరలో ఎక్కడివక్కడే ఉంచింది. ఈ పొద్దున గదిలో ఎవరూ లేనప్పుడు తొంగిచూస్తే, ఆ అరలోనే, టోపీ పక్కన, గాజుగ్లాసు నీళ్ళలోంచి ఓ పళ్ళసెట్టు అతన్ని చూసి నవ్వింది.

ఇన్నాళ్ళూ ఇది నా కంట పడలేదేమిటా అని ఒక్క క్షణం అనుకున్నాడు. అవసరంలో ఉన్న మనసు అలాంటి ప్రశ్నల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టుకోదు. పైగా పెద్దాయన మాట్లాడుతుంటే సన్నగా ఈల వచ్చేదని అప్పటికప్పుడు గుర్తుకు రావడం మొదలైంది. గంట గడిచేసరికి ఆ ఈల చెవిలో మోగిపోతోంది.

అతని పని నిఘంటువులో ఒక్కో మాటకీ ఇంగ్లీషులో ఉదాహరణ వాక్యాలు రాయడం. పెద్దాయన పెట్టిన పద్ధతి ఒకటుంది. రాసిన వాక్యాన్ని ముందు ఒక మనిషికి ఎదురుగా నిలబడి చెప్పాలి. ఆ మనిషిలో కాస్తయినా చలనం వస్తేనే అది అచ్చుకి వెళ్తుంది. కొన్ని నెలలుగా అతని వాక్యం ఒక్కటీ బతికి బట్టకట్టలేదు. వినేవాళ్ళకి ఆవలింతలొచ్చేవి.

"దీనికి కూడా రాయలేకపోతే రేపట్నించి రానక్కర్లేదు," అంటూ నిన్న మేడమ్ ఆఖరి మాట చేతిలో పెట్టింది. దిబ్బుక్. యూదుల మర్మవిద్యలో మాట. చనిపోయినవాడి ఆత్మ బతికున్నవాడి ఒంట్లో దూరి, వాడి నోటితోనే మాట్లాడితే అది దిబ్బుక్.

"దిస్ ఈజ్ ఎ దిబ్బుక్," అని రాశాడు. కింద "దట్ ఈజ్ ఆల్సో ఎ దిబ్బుక్," అని రాశాడు. అక్కడితో సరుకు అయిపోయింది. పళ్ళు కనిపించింది సరిగ్గా అప్పుడే.

మధ్యాహ్నం ప్రూఫులు చూసే అక్క అతని బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"నీ పని అయిపోయింది తమ్ముడూ. మేడమ్ పొద్దుట్నించీ నోరు విప్పలేదు. రుమాలు అడ్డం పెట్టుకుని బీరువాలూ సొరుగులూ తిరగేస్తోంది. చెత్తబుట్ట కూడా బోర్లించింది."

"దేనికోసం?"

"అడిగితే గుడ్లురిమింది. టీ తాగి బిస్కెట్లు వెనక్కి పంపేసింది. అంత కోపం నేనెప్పుడూ చూళ్ళేదు బాబూ!"

తండ్రి జ్ఞాపకం పోయిందని కుమిలిపోతోంది కాబోలు. పాపం అనిపించింది. అయితే మన ఎత్తు పారుతుందని కూడా తోచింది. రెండు ఆలోచనలూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాయి.

మేడమ్ గది బయట నిలబడి పళ్ళసెట్టు నోట్లో పెట్టుకున్నాడు. తన పళ్ళు అడ్డమొచ్చి సగమే దూరింది. పెదవులు మూతపడలేదు. అలాగే లోపలికి వెళ్ళి, కళ్ళు తేలేసి, గది మధ్యలో నిలబడ్డాడు.

"అమ్మాయీ!"

నిజంగానే ఈల వచ్చింది. గుమ్మంలో ప్రూఫుల అక్క చేతిలో కాగితాలు జారిపోయాయి. "అమ్మో, అచ్చం పెద్దాయన ఈలే!" అంది.

దాంతో అతనికి ఊపొచ్చింది. "దిస్ మ్యాన్ హ్యాజ్ ఎ దిబ్బుక్ ఇన్‌సైడ్ హిమ్. ది దిబ్బుక్ ఈజ్ యువర్ ఫాదర్. ఇఫ్ యూ సెండ్ హిమ్ హోమ్, ది దిబ్బుక్ విల్ క్రై." పనిలో పనిగా తెలుగులోనూ వేసుకున్నాడు: "వీణ్ణి తీసెయ్యకు తల్లీ!"

మేడమ్ కళ్ళు పెద్దవయ్యాయి. నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు గజగజ వణికింది. తన వాక్యం విని ఒక మనిషి కదిలిపోవడం అతనికి ఇదే మొదటిసారి. లోపల నిజంగానే ఎవరో ఉన్నారేమో, ఇన్నాళ్ళూ తాను ఒంటరివాణ్ణి అనుకోవడమే పొరపాటేమో అనిపించింది.

ఆవిడ లేచి వచ్చి అతని ముందు అరచెయ్యి చాపింది. కూతురు కదా అని ఆ చెయ్యి ప్రేమగా నిమిరాడు. ఆవిడ విదిలించుకుని మళ్ళీ చాపింది. ఈసారి తల నిమిరాడు.

ఇక లాభం లేదనుకుని ఆవిడ రుమాలు తీసేసింది. బోసినోరు.

"వాక్యాలు అచ్చుకి పంపిస్తాను," అంది, మాటకన్నా గాలే ఎక్కువగా. "మా నాన్న పోయే ముందురోజు కూడా మొక్కజొన్న కంకులు కొరుక్కుతిన్నాడు, ఆ పళ్ళు నావి, కడిగి ఇటివ్వు."