కొరికిన జామపండు

"ఇది నాలుగో జామపండు నాన్నా! దవడలు పీకేస్తున్నాయి. ఎంగిలి పండు ఫొటో ఎవరిక్కావాలి?" అంది కూతురు.

ఫొటోగ్రాఫరైన తండ్రి ఆ పండును ఆమె తల్లి కళ్ళజోడు పక్కన పెట్టి, కెమెరాలోంచి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇదీ కాదమ్మా. ముందు పళ్ళ సందు నీకు అచ్చం మీ అమ్మదే. అందుకే నిన్ను రమ్మన్నాను."

ఆమె విసుగంతా ఎటో పోయింది.

"మీ అమ్మ పోయిన పూట, చుట్టాలొస్తున్నారని ఈ బల్ల సర్దేశాను. తను కొరికి పెట్టిన పండు కూడా తీసి పారేశాను."

కూతురు ఇంకో పండు అందుకుంది. "ఎంతవరకు కొరికిందో చెప్పు నాన్నా. అలాగే కొరుకుతాను."

ముప్పయ్యేళ్ళుగా పండ్లకు ఫొటోలు తీసి ఇల్లు నడిపిన మనిషి బల్ల అంచు పట్టుకున్నాడు.

"నేను చూడలేదమ్మా," అన్నాడు.