అతుకులేని పెట్టె

బొబ్బిలిలో వీణలు చేసే సన్యాసిరావు, కూతురు అర్చన తెచ్చిన ఖాళీ అల్యూమినియం పెట్టెను మెటికతో ఠంగుమనిపించి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏటే ఇది?"

"అంగారకుడి కాడికెళ్లే రేడియోకి పెట్టె నాన్నా. భూమి పిలిస్తే ఒక అర వినాల, పక్క అర జవాబు పలకాల. ఇదేమో దాని గొంతే అది వింటన్నాది! మూడు పరీక్షలు తప్పింది. ఇంకోసారి తప్పితే నా డిజైన్ మూల పడేస్తారు."

"అతుకేసినారు కదే. ఆ సందులోంచి నాదం కారిపోతన్నాది. వీణలాగ ఒకే దుంగలోంచి తొలవాల."

"అతుకా? పాలిష్ పట్టేసినాం, ఎక్కడా కనపడదు."

"కనపడదు. వినపడతాది."

నెల తిరిగేసరికి, ఒకే దిమ్మెలోంచి తొలిచిన కొత్త పెట్టెతో రేడియో పరీక్ష నెగ్గింది. అర్చన ఆనందం పట్టలేక ఫోన్ చేసింది.

"మా ల్యాబులో పదిమందికి దొరకనిది, నువ్వు ఒక్క దెబ్బకి ఎలా పట్టేసినావు నాన్నా?"

సన్యాసిరావు పక్కనున్న వీణని మెటికతో ఓసారి తట్టాడు.

"రోజూ వింటన్నాను కదమ్మా. ఐదేళ్లుగా నేనమ్మిన వీణలన్నీ అతుకులవే. పాలిష్ పట్టి, ఒకే దుంగ అని సెప్పి అమ్మినాను."

మళ్లీ తనే అన్నాడు:

"పొద్దున్నే వీణకి నిండు పనస దుంగ దింపించినాను. ఉలికి పదును పెడతన్నాను, ఫోనెట్టెయ్యి."